సైకిలెక్కిన కమలం

2024 మే 13న ఎచ్చెర్ల నియోజకవర్గంలో ఓటేయడానికి వెళ్లిన తెలుగుదేశం అభిమానికి రెండు యంత్రాలు కనిపించాయి. పార్లమెంటు యంత్రంలో సైకిలు ఉంది, అసెంబ్లీ యంత్రంలో లేదు. దాని బదులు పొత్తులో ఉన్న బీజేపీ కమలం పువ్వు ఉంది. 1983 నుంచి సైకిలు తప్ప మరో గుర్తు నొక్కి ఎరగని పెద్దవాళ్లు చాలామంది ఉన్న ఊళ్లివి. పువ్వు ఎక్కడుందో, ఎందుకు నొక్కాలో వాళ్లకు నేర్పే పని పసుపు కండువాల మీద పడింది.

బాగానే నేర్పారు. జూన్ 4న ఓట్లు లెక్కపెడితే బీజేపీ అభ్యర్థి నడుకుదిటి ఈశ్వరరావు 29 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. ఓడినది అప్పటి వైకాపా ఎమ్మెల్యే గొర్లె కిరణ్ కుమార్. శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నా ఎచ్చెర్ల పార్లమెంటు లెక్కలో విజయనగరం కిందికి వస్తుంది. అక్కడ సైకిలు గుర్తు మీద కలిశెట్టి అప్పలనాయుడు రెండు లక్షలకు బాగా పైబడిన మెజారిటీ తెచ్చుకున్నారు. ఆ నెలలోనే ఆయన పసుపు బట్టలు కట్టుకుని సైకిలు తొక్కుకుంటూ పార్లమెంటుకు వెళ్తే దేశమంతా ఫొటోలు చూసింది.

మత సంప్రదాయాన్ని జెండాగా పట్టుకున్న పార్టీ, ప్రాంతీయ ఆత్మగౌరవాన్ని జెండాగా పట్టుకున్న పార్టీ ఒకే ఊళ్లో, ఒకే రోజున, ఒకే కార్యకర్త చేతి మీదుగా గెలిచాయి. దేశ రాజకీయాల్లో మతవాద కూటముల పలుకుబడి గురించి ఢిల్లీలో కూర్చుని రాసేవాళ్లు అయోధ్యతో మొదలుపెడతారు. దక్షిణాదిలో అది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఎచ్చెర్ల, లావేరు, రణస్థలం, జి.సిగడాం మండలాలు చూడాలి.

గుడి గొడవ లేని చోట

ఇక్కడి రాజకీయంలో మతం ఏనాడూ ముందు వరుసలో కూర్చోలేదు. 2008 నాటి పునర్విభజనకు ముందు ఎచ్చెర్ల ఎస్సీ రిజర్వుడు స్థానం. కావలి ప్రతిభాభారతి ఇక్కడి నుంచి ఐదుసార్లు గెలిచి, 1999లో రాష్ట్ర శాసనసభకు తొలి దళిత మహిళా స్పీకర్ అయ్యారు. జనరల్ స్థానమయ్యాక 2009లో కాంగ్రెస్ తరఫున మీసాల నీలకంఠం, 2014లో తెలుగుదేశం తరఫున కిమిడి కళావెంకటరావు, 2019లో వైకాపా నుంచి కిరణ్ కుమార్ గెలిచారు. ఎన్నిక ఏదైనా కులాల కూడికలు, పార్టీల గాలి, అభ్యర్థి ఖర్చు పెట్టగలడా లేదా అన్నదే లెక్క.

ఊళ్ల గోడు వేరే ఉంది. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలు ఉద్యోగాలతో పాటు వాసననూ ఇచ్చాయి. బుడగట్లపాలెం తీరంలో చేపల రేవు కావాలి. మత్స్యకార పల్లెల మగవాళ్లు గుజరాత్ బోట్ల మీద కూలికి పోతారు. అలా పోయి, 2018లో పాకిస్థాన్ చేతికి చిక్కి, 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చిన ఇరవై మందిలో ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వాళ్లూ ఉన్నారు. ఈ ఊళ్లకు ఢిల్లీ అంటే మొన్న మొన్నటిదాకా ఆ విడుదల కాగితమే.

2011 జనగణన ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో ముస్లింలు నూటికి ఒకరు కూడా లేరు. శ్రీకాకుళంలో కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు, దానికి కాస్త దూరంలో అరసవల్లి సూర్యదేవుడి గుడి శతాబ్దాలుగా ఒకదాని జోలికి ఒకటి పోకుండా ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కెనడా బాప్టిస్టు మిషనరీలు వచ్చి బడులు, ఆసుపత్రులు పెట్టారు. దళిత పేటల్లో చర్చిలు వెలిశాయి. క్రైస్తవుల లెక్క కూడా కాగితం మీద చిన్నదే. కాగితం మీద చిన్నది కావడానికి కారణం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. ఆదివారం చర్చికి వెళ్లేవాడు జనగణనలో హిందువుగానే ఉంటాడు. ఆ దాపరికమే తర్వాతి రాజకీయానికి పనికొచ్చింది.

సంప్రదాయవాదులు ఈ జిల్లాకు బొత్తిగా కొత్త కాదు. 1967లో శ్రీకాకుళం లోక్‌సభ స్థానం స్వతంత్ర పార్టీ నేత ఎన్.జి.రంగాను గెలిపించింది. రాజాజీతో కలిసి 1959లో ఆ పార్టీని కట్టినవాడాయన. దేశమంతటా 44 లోక్‌సభ స్థానాలు తెచ్చుకున్న ఆ పార్టీ నెహ్రూ సోషలిజానికి ఎదురు నిలిచిన రైతులు, వ్యాపారులు, మాజీ జమీందార్ల కూటమి. అదే ఏడాది అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు భూస్వాముల తూటాలకు బలై, శ్రీకాకుళ సాయుధ పోరాటం రాజుకుంది. ఒకే జిల్లా ఒకే ఏడాదిలో అటు రంగాకూ ఇటు ఎర్రజెండాకూ చోటిచ్చింది. కానీ రంగా సంప్రదాయవాదం భూమి గురించి, పన్నుల గురించి. దేవుడి పేరు ఎత్తి ఓటడగలేదు. స్వతంత్ర పార్టీ కరిగిపోయాక ఆ ఖాళీని ఇక్కడ జనసంఘ్ నింపలేకపోయింది. విశాఖలో మాత్రం 1981లో బీజేపీ ఏకంగా మేయర్ పీఠం గెలిచింది. దక్షిణాదిలో ఆ పార్టీకి అది పెద్ద కబురు. ఆ గాలి విశాఖ దాటి పల్లెలకు రాలేదు.

బోడికొండ మీద

వచ్చింది 2020 చివరి వారంలో. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలం రామతీర్థంలో బోడికొండ మీది కోదండరాముడి విగ్రహం తల తెగి ఉందని డిసెంబరు 29న వెలుగులోకి వచ్చింది. తల పక్కనున్న కొలనులో దొరికింది. ఇక్కడి కొండల సంగతి తెలిసినవాళ్లకు ఆ దుర్మార్గం ఇంకా ఎక్కువ బాధ పెట్టింది. పక్కనే గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలు, దుర్గకొండ మీద జైన ఆనవాళ్లు ఉన్నాయి. మూడు మతాలు ఒకే చోట బతికిన తావది.

అప్పటికే రాష్ట్రంలో నిప్పు మీద ఉప్పు చల్లినట్టుంది. పిఠాపురంలో విగ్రహాలు విరగ్గొట్టారు. సెప్టెంబరులో అంతర్వేది రథం తగలబడింది. బెజవాడ కనకదుర్గ వెండి రథం సింహాలు మాయమయ్యాయి. ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి క్రైస్తవుడు కావడంతో ఒక్కో సంఘటనకూ రెండో అర్థం పుట్టింది.

2021 జనవరి 2న రామతీర్థంలో జరిగింది గుర్తుపెట్టుకోవలసిన దృశ్యం. ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడు, వైకాపా ఎంపీ విజయసాయిరెడ్డి ఒకే రోజు కొండకు వచ్చారు. విజయసాయిరెడ్డి కారు మీద రాళ్లు, చెప్పులు పడ్డాయి. మూడు రోజులకు బీజేపీ, జనసేన కలిసి ధర్మయాత్ర అన్నాయి. పోలీసులు బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు సోము వీర్రాజును అడ్డుకుని పట్టుకెళ్లారు. కొండ కింద కమలం జెండా కనిపించడం వింత కాదు. వింత చంద్రబాబు ప్రసంగం. ముఖ్యమంత్రి, హోంమంత్రి, డీజీపీ ముగ్గురూ క్రైస్తవులేనని ఆయన బహిరంగంగా ఎత్తిచూపారు. నలభై ఏళ్ల రాజకీయ జీవితంలో ఏనాడూ పదవిలో ఉన్నవాళ్ల మతాన్ని లెక్కపెట్టని నాయకుడు ఆ రోజుల్లో లెక్కపెట్టారు. నా దృష్టిలో ఉత్తరాంధ్రలో మత రాజకీయం గీత దాటింది బీజేపీ చేతుల మీదుగా కాదు, ఆ ప్రసంగం మీదుగా.

అధికార పక్షం చేసినదీ తక్కువేం కాదు. రామతీర్థం గుడికి అనువంశిక ధర్మకర్త పూసపాటి అశోక్ గజపతిరాజు, అప్పటి తెలుగుదేశం నాయకుడు. ఆయన్ను ప్రభుత్వం ఆ పదవి నుంచి తప్పించింది. అంతకు ముందే 2020 మార్చిలో విజయనగరం రాజకుటుంబపు మాన్సాస్ ట్రస్టు, సింహాచలం దేవస్థానం పగ్గాలు ఆయన అన్నగారి కూతురు సంచయితకు అప్పగించింది. సంచయిత అప్పటికి బీజేపీ మనిషి! వైకాపా ప్రభుత్వం బీజేపీ నాయకురాలికి తెలుగుదేశం నాయకుడి గుళ్లను అప్పగించిన ఆ చిత్రం చూస్తే ఇక్కడ ఎవరికి దేవుడు కావాలో, ఎవరికి దేవుడి భూములు కావాలో పాఠకులే తేల్చుకోవచ్చు. మాన్సాస్‌కు ఉన్నవి వేల ఎకరాలు. దాన్ని 1958లో పెట్టిన పి.వి.జి.రాజు సోషలిస్టు కావడం ఈ కథలో మరో విడ్డూరం. 2021 జూన్‌లో హైకోర్టు సంచయిత నియామకాన్ని కొట్టేసింది. అశోక్ గజపతిరాజు తిరిగి వచ్చారు. ఆ డిసెంబరులో రామతీర్థం కొత్త గుడి శంకుస్థాపన దగ్గర ఆయనకూ దేవాదాయ మంత్రి వెలంపల్లి శ్రీనివాస్‌కూ మధ్య జరిగిన తోపులాట టీవీల్లో అందరూ చూశారు. నల్లరాతి గుడి 2022 ఏప్రిల్ 25న తెరుచుకుంది. అశోక్ గజపతిరాజు 2025 జులైలో గోవా గవర్నరుగా వెళ్లారు.

తల నరికిన చెయ్యి ఎవరిదో అన్న ప్రశ్న ఈ హోరులో అడుగున పడిపోయింది. ఆ సంఘటన మీద మాట్లాడిన పార్టీల్లో ఈ రోజు ఆ ప్రశ్నను గట్టిగా అడుగుతున్నది ఒక్కటీ లేదు.

ఆగ్రహం ఓటు కాలేదు

రామతీర్థం తర్వాత వచ్చిన ఎన్నికలు చూద్దాం. రెండున్నర నెలలకు మున్సిపల్ పోరు. కొండకు పట్టుమని పది మైళ్లు లేని విజయనగరం నగరపాలక సంస్థను వైకాపా ఊడ్చేసింది. ఏప్రిల్‌లో సాక్షాత్తు తిరుపతిలో లోక్‌సభ ఉపఎన్నిక. దేవుడి పేరు చెల్లే చోటేదైనా ఉంటే అదే. కొండల రాయుడి సన్నిధిలో వైకాపా అభ్యర్థి గురుమూర్తి 2 లక్షల 71 వేల ఆధిక్యంతో గెలిస్తే, బీజేపీ అభ్యర్థి రత్నప్రభకు ధరావతు కూడా దక్కలేదు. 

ఉత్తరాంధ్రలో ఇంకా సూటి రుజువు ఉంది. 2017లో తెలుగుదేశంతో పొత్తు ఉండగా ఇక్కడి పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానాన్ని బీజేపీ నుంచి పి.వి.ఎన్.మాధవ్ గెలిచారు. జనసంఘ్ కాలం నుంచి విశాఖలో పార్టీని మోసిన పి.వి.చలపతిరావు కొడుకాయన. 2023లో అదే స్థానం, అదే అభ్యర్థి. పొత్తు మాత్రం లేదు. తెలుగుదేశం అభ్యర్థి వేపాడ చిరంజీవిరావు గెలిచారు, మాధవ్ ఎక్కడో వెనకపడ్డారు. 2025 జులైలో ఆయన్నే రాష్ట్ర అధ్యక్షుణ్ణి చేశారనుకోండి, అది వేరే సంగతి.

రాష్ట్రమంతటా చూసినా ఇదే తీరు. 2019లో ఒంటరిగా దిగిన బీజేపీకి అసెంబ్లీ ఓట్లలో ఒక్క శాతం కూడా రాలేదు. ‘పైవారెవరూ కాదు’ మీట నొక్కినవాళ్లే అంతకన్నా ఎక్కువ. 2024లో పది చోట్ల పోటీ చేసి ఎనిమిది గెలిచింది, ఆరు లోక్‌సభ స్థానాలకు మూడు తెచ్చుకుంది. ఆ ఐదేళ్లలో ఆంధ్రులకు భక్తి పది రెట్లు పెరిగిందా? లేదు. జత కుదిరింది.

ఎచ్చెర్లలో ఆ జత ఎలా కుదిరిందో గమనిస్తే అంతా అర్థమవుతుంది. సీటు కోసం చూస్తున్న కలిశెట్టిని విజయనగరం ఎంపీగా నిలిపారు. సీటు పాతకాపు కళావెంకటరావును చీపురుపల్లి పంపారు. ఆయన అక్కడ బొత్స సత్యనారాయణనే ఓడించారు. ఖాళీ అయిన పీట కమలానికి వేశారు. ఈ మొత్తం సర్దుబాటులో రాముడి ప్రస్తావన రాలేదు. రావలసిన పనీ లేదు.

ఇదే నియోజకవర్గంలోని రణస్థలంలో 2023 జనవరి 12న, వివేకానంద జయంతి నాడు, జనసేన అధినేత పవన్ కల్యాణ్ ‘యువశక్తి’ సభ పెట్టారు. ఒంటరిగా దిగి ఓడడం కన్నా గౌరవం చెడని పొత్తు మేలని ఆయన తన శ్రేణులను సిద్ధం చేసింది ఆ వేదిక మీదే. అప్పటికి ఆయన నోట వలసలు, ఉద్దానం కిడ్నీ రోగులు, నిరుద్యోగం వినిపించేవి. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి వివాదం రేగాక ఆయనే పదకొండు రోజుల ప్రాయశ్చిత్త దీక్ష పట్టారు. అక్టోబరు 3న తిరుపతిలో వారాహి డిక్లరేషన్ చదివి సనాతన ధర్మ పరిరక్షణకు దేశమంతటికీ ఒక చట్టం కావాలన్నారు. 2025 జూన్‌లో మదురై మురుగన్ మహానాడు దాకా వెళ్లారు. విచారణ పూర్తి కాకముందే ముఖ్యమంత్రి చంద్రబాబు లడ్డూ మీద బహిరంగంగా మాట్లాడడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది, దేవుళ్లను రాజకీయాలకు దూరంగా ఉంచమంది. కోర్టు మాట మర్నాటి పేపర్లలో వచ్చి పోయింది. దీక్ష వస్త్రాల ఫొటో నిలిచిపోయింది.

పేటలో కొత్త గుడి

జెండాలూ సభలూ కనిపించే సంగతులు. కనిపించకుండా సాగేది వేరే. గత పదేళ్లలో దళిత పేటల్లో, గిరిజన గూడేల్లో, మత్స్యకార పల్లెల్లో వెలసిన కొత్త గుళ్ల వెనక తిరుమల తిరుపతి దేవస్థానం డబ్బు ఉంది. కట్టించే బాధ్యతలో సంఘ్ పరివారానికి దగ్గరైన సమరసత సేవా ఫౌండేషన్ ఉంది. మొదటి విడతలోనే ఐదొందల పైచిలుకు గుళ్లు కట్టారు. మొదలైంది చంద్రబాబు పాలనలో. జగన్ వచ్చాక ఆగిందా అంటే, పదివేల విరాళానికి శ్రీవారి బ్రేక్ దర్శనం ఇచ్చే శ్రీవాణి ట్రస్టు డబ్బుతో ఇంకా జోరందుకుంది. మతమార్పిడి ఆపడమే గురి అని కట్టించేవాళ్లు దాచుకోరు. పేటవాళ్ల మాట వేరు. ఊరి గుడి గడప బయట తరాల పాటు నిలబడినవాళ్లకు తమ వీధిలో తమ గుడి వస్తే అది పరువు. అందులో భజన చేసే కుర్రాడిని మతవాది అనేయడం తేలిక, ఆ పరువు అతనికి ఇంకెవరిచ్చారో చెప్పడం కష్టం. కమ్యూనిస్టులు, అంబేడ్కర్ సంఘాలు ఈ జిల్లాలో జవాబు వెతుక్కోవలసిన ప్రశ్న ఇది.

ఇంతలో అందరికీ అన్నీ ఇచ్చే పని ప్రభుత్వాలు మానలేదు. జగన్ పాస్టర్లకు నెలకు 5 వేల గౌరవ వేతనం పెట్టారు, మరోపక్క విశాఖ శారదా పీఠానికి భీమిలి దగ్గర 15 ఎకరాలు ఇచ్చారు. 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ అసెంబ్లీలో తీర్మానం చేయించారు. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి వచ్చి పీఠానికిచ్చిన భూమిని రద్దు చేసింది. చిన్న గుళ్ల ధూపదీప నైవేద్యాన్ని 5 వేల నుంచి 10 వేలు చేసింది, పాస్టర్ల వేతనమూ కొనసాగించింది. అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండుగ చేసింది. ఎవరి పాలనలోనైనా దేవుడికి బడ్జెట్టులో చోటుంది. విశ్వహిందూ పరిషత్‌కు ఇది చాలదు. గుళ్ల మీద ప్రభుత్వ పెత్తనమే పోవాలంటూ 2025 జనవరి 5న గన్నవరం దగ్గర కేసరపల్లిలో ‘హైందవ శంఖారావం’ పూరించింది. దేశవ్యాప్త ఉద్యమానికి తొలి సభ ఆంధ్రలో పెట్టడం యాదృచ్ఛికం అనుకోలేం. దేవాదాయ శాఖ చేతిలో ఇంత ఆస్తి ఉన్న రాష్ట్రం, ఢిల్లీ ప్రభుత్వాన్ని మోస్తున్న రాష్ట్రం ఒకటే కావడం వాళ్లకు కలిసొచ్చింది.

260, 260

అసలు సంగతికి వస్తే, 2024లో బీజేపీకి సొంతంగా 240 స్థానాలే వచ్చాయి. కావలసినవి 272. తెలుగుదేశం 16, నీతీశ్ కుమార్ జేడీయూ 12, జనసేన 2 లేకుండా బండి కదలదు.

2025 ఏప్రిల్ 2 అర్ధరాత్రి దాటాక వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288-232 ఓట్లతో నెగ్గింది. పెద్ద తేడాలా కనిపిస్తుంది. తెలుగుదేశం, జేడీయూ బలం కలిపితే 28. ఆ 28 ఓట్లూ అటు నుంచి ఇటు పడి ఉంటే 260-260. స్పీకరు నిర్ణాయక ఓటు మీద ఆధారపడాలి. జనసేన రెండూ కూడా మారితే 258-262, బిల్లు వీగిపోతుంది. ముస్లింలు నూటికి ఒకరు లేని జిల్లా ఓటర్లు, వక్ఫ్ అన్న మాట ఎన్నికల్లో ఒక్కసారి కూడా వినని ఓటర్లు, దేశంలోని ముస్లింల ధర్మాస్తుల చట్టాన్ని ఇటో అటో తేల్చగల స్థితిలో ఉన్నారు. వాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

తెలుగుదేశం బేరం ఆడలేదని కాదు. చిరకాల వాడుక వల్ల వక్ఫ్ అయి, అప్పటికే నమోదైన ఆస్తులను తిరగదోడకూడదని, కలెక్టరు మాటే ఆఖరు కాకూడదని, పత్రాల నమోదుకు గడువు పెంచాలని అడిగింది, పార్లమెంటు సంయుక్త కమిటీ ఒప్పుకుంది. ఆ సవరణలు చట్టం కోరలు కొన్ని అరగదీశాయి. మిగిలిన కొన్నిటిని సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆపింది. ఐదేళ్లుగా ముస్లింగా ఉన్నవాడే వక్ఫ్ చేయాలన్న నిబంధన అందులో ఒకటి. తెలుగుదేశం వద్దనని నిబంధనను కోర్టు వద్దంది. మైనారిటీల పక్షం అని చెప్పుకునే పార్టీకి ఇది చిన్న విషయం కాదు.

పాత పొత్తుతో పోల్చి చూడండి. 1998లో వాజపేయి సంకీర్ణం కట్టినప్పుడు అయోధ్య గుడి, 370వ అధికరణం, ఉమ్మడి పౌరస్మృతి మూడింటినీ పక్కన పెట్టాకే మిత్రులు చేరారు. 2002 గుజరాత్ మారణకాండ తర్వాత, 29 మంది ఎంపీలున్న తెలుగుదేశం అక్కడి ముఖ్యమంత్రి నరేంద్ర మోదీని మార్చాలని తీర్మానం చేసింది. తమ నాయకుడు బాలయోగి దుర్మరణంతో ఖాళీ అయిన లోక్‌సభ స్పీకరు పదవిని వద్దంది. గుజరాత్ మీద ఓటింగు రోజున సభ నుంచి బయటికి నడిచింది. ప్రభుత్వాన్ని మాత్రం పడగొట్టలేదు. ఆ నడక నాటకమన్నవాళ్లున్నారు. నాటకమే అనుకున్నా, ఆడవలసిన అవసరం ఉందని అప్పుడు అనిపించింది. 2018లో ప్రత్యేక హోదా కోసం ఎన్డీయే నుంచి బయటికొచ్చి అవిశ్వాసం పెట్టినప్పుడు సభలో మోదీ ప్రభుత్వాన్ని దులిపేసిన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు, ఇప్పుడు అదే మోదీ మంత్రివర్గంలో పౌర విమానయానం చూస్తున్నారు. ఈసారి పొత్తుకు ముందు పక్కన పెట్టవలసిన మూడింట్లో రెండు అయిపోయాయి. మూడోది ఉత్తరాఖండ్‌లో మొదలైంది. పక్కన పెట్టమని అడగడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

లోకంలో మరికొన్ని చోట్ల ఇది తలకిందులుగా నడుస్తుంది. ఇజ్రాయెల్‌లో షాస్ లాంటి చిన్న మతపార్టీలు పెద్ద పార్టీ మెడలు వంచి తమ బడులకు నిధులు, తమ కుర్రాళ్లకు సైన్యం నుంచి మినహాయింపు తెచ్చుకుంటాయి. అమెరికాలో పాస్టర్ జెర్రీ ఫాల్వెల్ 1979లో ‘మోరల్ మెజారిటీ’ పెట్టి చర్చి ఓటర్లను రిపబ్లికన్ల వెంట నడిపించాడు. నలభై మూడేళ్లకు, 2022 జూన్‌లో, అక్కడి సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును రద్దు చేసింది. రెండు చోట్లా మతవాదులు చిన్న ముఠాగా చేరి పెద్ద పార్టీని లాగారు. మన దగ్గర పెద్ద పార్టీయే మతవాదిది. దానికి కావలసిన చిల్లర ఓట్లు మతం సంగతి పట్టని చిన్న పార్టీలు పోస్తున్నాయి. అమరావతికి 15 వేల కోట్ల ఏర్పాటు, విశాఖ ఉక్కుకు 11,440 కోట్ల ప్యాకేజీ, రైల్వే జోను ఇటు వచ్చాయి. వక్ఫ్ ఓట్లు అటు వెళ్లాయి. రెంటికీ సంబంధం లేదని నాయకులు అంటారు. ఇచ్చిపుచ్చుకోలు రాతకోతల్లో ఎప్పుడూ ఉండదు.

4 శాతం ముస్లిం రిజర్వేషన్లు మరో ఉదాహరణ. మతం పేరిట కోటా రద్దు చేస్తామని 2024 ఎన్నికల్లో బీజేపీ పెద్దలు తెలంగాణలో, ఉత్తరాదిలో చెప్పారు. అదే నెలల్లో చంద్రబాబు ఇక్కడ కాపాడతామన్నారు. కూటమి మేనిఫెస్టో మీద మోదీ ఫొటో లేదు, విడుదల రోజు బీజేపీ ప్రతినిధి దాన్ని చేత్తో పట్టుకోనే లేదు. ఆ రిజర్వేషన్లు ఉన్నాయి. అంటే బేరమాడే బలం తెలుగుదేశానికి ఉంది. ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు అన్నది దాని ఇష్టం, దాని బాధ్యత.

సరదా ముచ్చట ఒకటి. విజయనగరం ఎంపీ కలిశెట్టి 2025 మహిళా దినోత్సవం నాడు మూడో బిడ్డను కంటే సొంత జీతం నుంచి కానుక ప్రకటించారు. ఆడపిల్లయితే 50 వేల రూపాయలు, మగపిల్లాడయితే ఆవు, దూడ. పిల్లల్ని ఎక్కువ కనమని చంద్రబాబు కూడా చెబుతూనే ఉన్నారు. ఇద్దరికి మించితే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. హంగరీ నుంచి అమెరికా దాకా మత సంప్రదాయవాదులు పాడే పాటే ఇది. ఇక్కడ దాని రాగం వేరు. జనాభా తగ్గితే పునర్విభజనలో దక్షిణాది ఎంపీ సీట్లు తగ్గుతాయన్న భయం. కారణం మారినా, భారం మోయవలసిన ఆడవాళ్లను ఎవరూ అడగలేదు. ఆవు మగపిల్లాడికే ఎందుకో కూడా చెప్పలేదు.

ఎచ్చెర్ల ఓటరు మతవాది అయ్యాడని నేను అనను. రోడ్డు, రేవు, ఉద్యోగం అడిగి ఓటేశాడు. ఆ ఓటు ఢిల్లీ చేరేసరికి వేరే పనికి వాడుకున్నారు. ఆ వాడకం తప్పో ఒప్పో అతనే చెప్పాలి, చెప్పాలంటే ముందు తెలియాలి. పార్లమెంటులో ఏ ఎంపీ ఏం మాట్లాడారో, ఏ పార్టీ ఎటు నిలిచిందో సభ రికార్డుల్లో ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. ఈసారి మీ ఎంపీ మీ ఊరు వచ్చినప్పుడు బుడగట్లపాలెం రేవు ఎప్పుడని అడగండి. దాంతో పాటే ఏప్రిల్ 2 రాత్రి వక్ఫ్ బిల్లుకు ఎందుకు ఓటేశారని కూడా అడగండి.